కాటా మీద పెట్టనిది

మూడు దాటి నాలుగు నిమిషాలైంది. డాక్టరమ్మ నాలుగింటికి వస్తానంది. అంటే ఇంకా యాభై ఆరు నిమిషాలు అని లెక్కవేసుకుని, ఛీ, ఇక్కడ కూడా లెక్కలేనా అని తన మీద తనే విసుక్కుంది ఆమె. ఆసుపత్రి వరండాలో కుర్చీలన్నీ ఒకే ఇనపకడ్డీకి బిగించి ఉన్నాయి, ఆ చివర ఎవరు కదిలినా ఈ చివర కూర్చున్నవాళ్ళు ఊగాల్సిందే, పక్కన అక్క ఆపకుండా కాలు ఆడిస్తోంది, ఆ ఊపు ఆమె నడుములోకి, నడుములోంచి ఒళ్ళోని సంచిలోకి పాకుతోంది. సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. ఎదురు తలుపు వెనక బావ ఉన్నాడు, ముక్కులో గొట్టంతో, వీపు వెనక మూడు దిండ్లతో, వాలితే ఊపిరాడదు కనక కూర్చునే కునుకు తీస్తూ. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందట. నీరు ఊరికే చేరదు, ఉప్పు పిలిస్తే వస్తుంది. ఆ సంగతి ఈ వరండాలో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే తినేవాటిల్లో ఉప్పెంతో కొలవడమే ఆమె ఉద్యోగం.

పొద్దున డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "రెండే సంగతులమ్మా. ఇంట్లో ఉప్పు ఎక్కువైనా అయ్యుండాలి, లేదా గుండె మందుకి లొంగడం మానేసైనా ఉండాలి. మొదటిదైతే నీళ్ళు లాగేసి నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తాను. రెండోదైతే వేరే దారి చూడాలి, అది చిన్న దారి కాదు. నాలుగింటికి వస్తాను, బాగా గుర్తు తెచ్చుకుని నిజం చెప్పండి." అక్క ఏం గుర్తు తెచ్చుకుంటుంది పాపం, ఎనిమిది నెలలుగా ఉప్పు డబ్బాని పై అరలోకి ఎక్కించి, స్టూలు వేసుకుంటే తప్ప చెయ్యి అందకుండా పెట్టుకున్న మనిషి. రోజుకి రెండువేల మిల్లీగ్రాముల సోడియం దాటకూడదు అన్నారు, దాటనివ్వలేదు. బావ కంచం ముందు కూర్చుని "ఇది తిండా, శిక్షా" అని అరిచినా, రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నా, కరగలేదు. అలాంటి అక్క ఇప్పుడు కట్టు కట్టిన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, పెదాలు కదుపుతూ, పన్నెండు రోజుల తిండిని పూటపూటా తవ్వి పోసుకుంటోంది. ఆదివారం పొద్దున గుడ్డు, ఉప్పు లేదు. ఆదివారం మధ్యాహ్నం శాండ్‌విచ్. సోమవారం మధ్యాహ్నం శాండ్‌విచ్. మంగళవారం శాండ్‌విచ్. మెట్ల మీద జారి మణికట్టు బెణికిన రోజు నుంచీ, కత్తి పట్టలేని రోజు నుంచీ, రోజూ మధ్యాహ్నం అదే, వీధి మలుపులో ఉన్న కొట్టుది, వేయించిన చికెన్ శాండ్‌విచ్. బయటి తిండి అన్నిటిలోకీ దాన్నే ఎందుకు ఎంచుకుంది? దాని ఒక్కదానికే అంకె తెలుసు కాబట్టి. ఆ అంకె చెల్లెలిది కాబట్టి.

ఎనిమిది వందల పది. కాగితం చుట్ట మీద నల్లగళ్ళ పెట్టెలో అచ్చై ఉంటుంది, ఒక శాండ్‌విచ్‌కి క్యాలరీలు ఐదువందల ఇరవై, కొవ్వు ఇరవై నాలుగు గ్రాములు, పిండిపదార్థం నలభై ఏడు, మాంసకృత్తులు ఇరవై తొమ్మిది, సోడియం ఎనిమిది వందల పది మిల్లీగ్రాములు. చూడకుండా చెప్పగలదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆ అంకెలు పుట్టిన రోజు కూడా గుర్తే, వానపడి ల్యాబు కిటికీలు మూసేస్తే లోపలంతా నూనె వాసన. శాండ్‌విచ్‌ని తినేవాళ్ళు ఎప్పుడూ చూడని రూపంలో చూస్తుంది ఆమె. మొదట తూచాలి, తర్వాత కత్తెరతో ముక్కలు చెయ్యాలి, మిక్సీలో వేసి తిప్పాలి, కరకరలాడే పైపొర, మెత్తటి బన్ను, తెల్లటి మాంసం, అన్నీ కలిసి బూడిదరంగు ముద్దై కూర్చుంటాయి, దాన్ని చూస్తే మళ్ళీ వారం దాకా ఆ కొట్టు వైపు వెళ్ళబుద్ధి కాదు. ఆ ముద్దలో ఒక చెంచా ఎండబెడితే పోయింది నీరు. ఒక చెంచా మీద ద్రావకం ఆరు గంటలు చుక్కచుక్కగా కారిస్తే దిగింది కొవ్వు. ఒక చెంచాని కొలిమిలో పెట్టి మాడ్చి మాడ్చి మిగిలిన చిటికెడు తెల్లబూడిదని కరిగించి మంటలోకి చిమ్మితే మంట పసుపుపచ్చగా తిరుగుతుంది, ఎంత సోడియం ఉంటే అంత పసుపు. ఆ పసుపంటే ఆమెకు చచ్చేంత ఇష్టం. పిండిపదార్థాన్ని మాత్రం ఎవరూ కొలవరు, తమాషా ఏమిటంటే, అన్నీ కొలిచి వందలోంచి తీసేయగా ఏం మిగిలితే అది పిండిపదార్థం అని రాసేస్తారు. కొత్తలో ఇది తెలిసి ఆమెకి కోపం వచ్చింది, ఇదేం పద్ధతి, మిగిలిందానికి ఒక పేరు పెట్టేసి కొలిచామని చెప్పుకోవడమేమిటి అని. తర్వాత అలవాటైపోయింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ నలభై రెండేళ్ళకి వచ్చాక, చుట్టాలు ఇంటిల్లిపాదినీ లెక్కపెట్టి చివర్లో "ఆ, చెల్లెలొకతె ఉందిగా" అన్నప్పుడల్లా, నేనీ ఇంటికి పిండిపదార్థాన్ని అని నవ్వుకునేది. అక్క మాత్రం ఎప్పుడూ అలా అనలేదు. అక్క లెక్క మొదలుపెడితే చెల్లెలి నుంచే మొదలుపెడుతుంది.

ఇంకా నలభై ఎనిమిది నిమిషాలు. చెప్పెయ్యొచ్చు కదా, పక్కనే ఉంది, నోరు తెరిస్తే చాలు. అక్కా, ఆ అంకె తప్పు. నాలుగు మాటలు. తప్పు కూడా కాదు, అదే కదా మరీ ప్రాణం తీస్తోంది, ఆ అంకెలో ఒక్క సున్నా కూడా తప్పు లేదు. ల్యాబులో కాటాని సరిచేసింది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ బావే. కాటాలు బాగుచేయడం బావ పని, కొట్లలో తూకం కాటాల నుంచి ల్యాబులో గాజుపెట్టెలో ఉండే కాటా దాకా, ఇత్తడి తూకపు గుండ్ల పెట్టె చంకన పెట్టుకుని ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, వచ్చి అందరి ముందూ "మా మిల్లీగ్రాము ఎక్కడ?" అని కేకేసేవాడు. మరదలికి అతను పెట్టిన పేరు అది, మనిషి చూస్తే గుప్పెడంత ఉంది, మాట్లాడితే మిల్లీగ్రాములు తప్ప ఇంకో మాట లేదు అని. ఆమె పైకి పళ్ళు నూరేది గానీ, ఆ పేరు ఇంకెవరైనా వాడితే ఊరుకునేది కాదు. ముల్లు సున్నా మీద నిలబడేదాకా బావ ఊపిరి బిగబట్టి చూసేవాడు. నిలబడ్డాక, "ఇంక ఇది చెప్పింది నమ్ము, నువ్వు చెప్పింది నమ్మకు" అనేవాడు. నమ్మింది. కాటా నిజమే చెప్పింది. కాటా మీద పెట్టనిదాని గురించి కాటాకేం తెలుసు?

ఒక కవరుకి ఒకే నంబరు. ల్యాబు గోడ మీద అంటించిన ఆ రూలు ఆమె పెట్టిందే, తొమ్మిదేళ్ళ కిందట ఎవరో రెండు కవర్లలో వచ్చిన సరుకుని ఒకే మిక్సీలో వేసి నానా గందరగోళం చేస్తే, ఆ తర్వాత ఆమె తన చేత్తో పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. శాండ్‌విచ్ కొట్టువాళ్ళు అంకెలు వేయించుకోవడానికి సరుకు పంపినప్పుడు బన్నూ చికెనూ ఒక పెట్టెలో పెట్టారు, సాసూ ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయ బిళ్ళలూ కారిపోతాయని ఇంకో కవరులో విడిగా కట్టి పంపారు. మంచి ఉద్దేశంతోనే. పెట్టెకి నాలుగువేల నాలుగువందల పదిహేడు, కవరుకి పద్దెనిమిది. పదిహేడు ఒక కాగితం, పద్దెనిమిది ఇంకో కాగితం. అచ్చు వేసేవాళ్ళు మొదటి కాగితాన్ని తీసుకుని శాండ్‌విచ్ అని పైన రాసి ఉంది కదా అని చుట్ట మీది నల్లగళ్ళ పెట్టెలో బిగించేశారు. అచ్చుకి ముందు సరిచూడమని ఆమెకే పంపారు. ఆమె సరిచూసింది, వేలు పెట్టి ఒక్కొక్క అంకే పదిహేడుతో పోల్చుకుంది, అన్నీ సరిపోయాయి, కింద సంతకం గీసింది. సాసు ఒక చెంచా, దోసకాయ బిళ్ళలు నాలుగు, రెండిటిలో కలిపి ఐదువందల అరవై మిల్లీగ్రాములు, అది పద్దెనిమిదో కాగితంలో భద్రంగా ఫైలులో నిద్రపోయింది. ఎనిమిది వందల పదీ ఐదువందల అరవయ్యీ, పదమూడు వందల డెబ్భై. రోజుకి పావు చెంచా ఉప్పు ఎక్కువ. పన్నెండు రోజులు.

పావు చెంచా ఎంత, చిటికెలో సగం చేతిలోంచి జారిపోయేంత. పావు చెంచాకి మనిషి ఆసుపత్రి పాలవుతాడా? అవ్వొచ్చు, కాకపోవచ్చు. మొన్నటి ఎండలకి కావచ్చు. బావ మందు వేసుకోవడం మర్చిపోయి అక్కకి భయపడి చెప్పకపోయుండొచ్చు, అంత పనీ చేస్తాడు. పోయిన నెల ఎవరింట్లోనో విందుకి వెళ్ళారు, అక్కడేం తిన్నాడో ఎవరికి తెలుసు? ఇలా ఒక్కొక్క సాకునీ తెచ్చి కాటా మీద పెట్టి చూసుకుంటోంది, ఏదీ బరువు తూగడం లేదు. వరండా చివర తినుబండారాలమ్మే గాజుబీరువా ఒకటి బుర్రుమంటోంది, అందులో పొట్లాలన్నీ మొహాలు ఇటు తిప్పుకుని వరసగా నిలబడి ఉన్నాయి, ఎర్రవి, పచ్చవి, నవ్వే బొమ్మలున్నవి. అంకెలన్నీ వీపు వైపు ఉంటాయి. చూడాలంటే ముందు కొనాలి. వాటిల్లో కనీసం నాలుగింటి వీపు మీద ఉన్నది తన సంతకం కిందకొచ్చిన అంకెలే అని గుర్తొచ్చి ఆమె మొహం తిప్పుకుంది.

నిజానికి ఇవాళ పొద్దున ఫైలు తీసి చూసేదాకా తెలియదు అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో. అదే చెప్పుకుంటోంది పొద్దుటి నుంచీ. కానీ ఆ గురువారం ఉందిగా. ఏడు నెలల కిందట, కొత్త కాగితంలో చుట్టిన శాండ్‌విచ్‌ని బావ మొదటిసారి ఇంటికి పట్టుకొచ్చిన రోజు, "ఇదుగో, మా మరదలు కొలిచిన శాండ్‌విచ్, రాజముద్ర పడింది, ఇంక నన్నెవరూ ఆపలేరు" అని ఊరేగింపుగా వంటింట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టి మూడు ముక్కలు కోశాడు. ఆమెకి పులుపు పడదు. దోసకాయ బిళ్ళల్ని వేలితో తీసి కాగితం అంచున పెట్టింది. బావ వాటిని టక్కున నోట్లో వేసుకుని, "అసలు రుచంతా వీటిల్లోనే ఉంటే పారేస్తావేంటే" అన్నాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆమె వేలికి అంటిన ఉప్పునీటి తడి చూస్తూ ఉండగా లోపల ఏదో చిన్నగా తట్టింది. ఈ బిళ్ళలు అంకెలో ఉన్నాయా? ఒక్క క్షణం. ఇంతలో అక్క "కాగితాలు కూడా తినేస్తాడే ఈయన" అంది, ముగ్గురూ నవ్వారు, నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో బావ తింటూ నవ్వడం అదే మొదలు, ఆ నవ్వు మధ్యలో ఫైలు తీసి చూడాలి అన్న మాట ఎవరికి గుర్తుంటుంది? గుర్తుంది. మర్నాడు ల్యాబులో కూడా గుర్తొచ్చింది, పని ఎక్కువగా ఉంది. ఆ తర్వాత రాలేదు. రానివ్వలేదేమో.

పొద్దున ఆ రెండు కాగితాలూ తీసుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ల్యాబుకి అధికారి ఆయన, చెడ్డవాడేం కాదు, ఆమెకి పని నేర్పినవాడు. కళ్ళజోడు పైకి నెట్టి చూసి, కిందకి దించి చూసి, "మనం రెండు కాగితాలు ఇచ్చాం. వాళ్ళు ఒకటే అచ్చేసుకుంటే అది మన తప్పెలా అవుతుంది?" అన్నాడు. "సరిచూసింది నేనేనండీ," అందామె. ఆయన కాగితాలు రెండూ ఆమె వైపు జరిపాడు. "సోమవారం కూర్చుని మాట్లాడదాం. అప్పటిదాకా బయట నోరు మెదపకు. ఉద్యోగం నీదొక్కదానిదే కాదు." ఆమె తలూపి పద్దెనిమిదో కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని నేరుగా ఇక్కడికి వచ్చి కూర్చుంది.

"ఒసేయ్," అంది అక్క ఉన్నట్టుండి. కాలు ఆడించడం ఆపింది, కుర్చీలన్నీ ఒక్కసారిగా నిశ్చలమయ్యాయి. "వేశానని చెప్పేస్తానే."

"ఏం వేశావని?"

"ఉప్పు. ఈయన గోల భరించలేక నేనే వేశానని. రోజూ కొంచెం కొంచెం." అక్క కళ్ళు తుడుచుకోలేదు, అసలు ఏడవడం లేదు, పొద్దుటినుంచీ మొదటిసారి మొహం తేటగా ఉంది. "అప్పుడింక గుండెకేం కానట్టేగా? ఆవిడే అందిగా, ఉప్పైతే నీళ్ళు లాగి పంపించేస్తానని. నా వల్లే అయితే బతికిపోయినట్టేగా ఆయన?"

పిచ్చి అక్క, ఎంత పిచ్చి అక్క, తప్పు తనదవ్వాలని దేవులాడుకుంటోంది. ఆ వెంటనే, సిగ్గులేకుండా, బుర్రలో లెక్క దానంతటదే మొదలైంది. అక్క అలా చెప్తే డాక్టరమ్మ నమ్ముతుంది. ఉప్పు వల్లే అనుకుంటుంది, అది నిజమే. నీళ్ళు లాగుతుంది, అది సరైన వైద్యమే. పెద్ద దారి జోలికి వెళ్ళదు. బావ ఇంటికొస్తాడు. సోమవారం పెద్దాయన అచ్చువాళ్ళతో మాట్లాడి, ఏ గొడవా లేకుండా కొత్త కాగితం వేయిస్తాడు. సంచిలో ఉన్నది సంచిలోనే ఉంటుంది. అన్నీ సరిపోయాయి, ఒక్క అంకె కూడా అటూ ఇటూ లేదు. తానేం చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

ఊరికే కూర్చోవడం ఆమెకి కొత్తేం కాదు. ఆరేళ్ళప్పుడు నాన్న కళ్ళజోడు మీద కూర్చుంది. కిర్రుమన్న ఆ చప్పుడు ఇప్పటికీ ఒంట్లో ఎక్కడో ఉంది. నాన్న చదివే పనివాడు, అచ్చుతప్పులు దిద్దేవాడు, ఆ జోడు లేకపోతే ఆయనకి పూట గడవదు. "ఎవరే?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, పదిహేనేళ్ళ అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "నేనే నాన్నా" అంది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు, రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు, అక్కకి అదే పెద్ద దెబ్బ, నాన్నంటే ప్రాణం దానికి. తను బల్ల కింద దూరి రొట్టె తింటూ అక్క పాదాల్ని చూస్తూ కూర్చుంది. చెప్దాం, రేపు చెప్దాం అనుకుంది. నాన్న పోయి పద్నాలుగేళ్ళైంది. అక్క ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది, ఇలాంటి మనుషులు మర్చిపోతారు, మోయించినవాళ్ళకే గుర్తుంటుంది. ఇప్పుడు మళ్ళీ అదే అక్క, అదే "నేనే", తను మళ్ళీ బల్ల కిందే. కాకపోతే ఇప్పుడు వయసు నలభై రెండు.

ఇంక పన్నెండు నిమిషాలు. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అటు చూస్తోంది. మరి అక్క చెప్పాక ఏమవుతుంది, ఇంటికెళ్ళాక? బావ జన్మలో నమ్మడు అక్క దొంగచాటుగా ఉప్పు వేసిందంటే, ఒకవేళ నమ్మితే, "చూశావా, ఇంటి తిండే కొంప ముంచింది, మా మరదలి శాండ్‌విచ్చే నయం" అంటాడు. అంటాడు కాదు, తప్పకుండా అంటాడు. అని నవ్వుతూ వీధి మలుపు దాకా నడిచి వెళ్తాడు, సోమవారం లోపే వెళ్తాడు. అన్నీ సరిపోయిన లెక్కలో ఒకటి మిగిలిపోయింది, మిగిలింది బావే.

"అక్కా," అంది. అప్పటికే డాక్టరమ్మ వచ్చేసింది, నాలుగు కాకముందే, చేతిలో కాగితాలు బిగించిన అట్టతో, వెనక నర్సుతో.

అక్క లేచి నిలబడింది. "నేనే డాక్టర్. ఈయన గోల పడలేక రోజూ కొంచెం ఉప్పు నేనే..."

"అబద్ధం," అందామె. గొంతు పెద్దదైపోయింది, అటు చివర కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు. "అక్క వెయ్యలేదు డాక్టర్. ఉప్పు ఎక్కువైన మాట నిజం. పన్నెండు రోజులుగా రోజుకి ఐదువందల అరవై మిల్లీగ్రాముల సోడియం ఎక్కువ వెళ్ళింది. అంతకు ముందు వారానికి ఒకసారి. నేనేసిన అంకె వల్ల." కాగితం తీసి మడతలు విప్పింది. పెట్టె గురించి, కవరు గురించి, పదిహేడు పద్దెనిమిదుల గురించి అంతా చెప్పింది, ముక్కలు ముక్కలుగానే అయినా ఏదీ వదలకుండా చెప్పింది, దోసకాయ బిళ్ళల గురువారం గురించి కూడా.

డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అక్క మాత్రం కాగితం వైపు చూడలేదు. "అయితే గుండె పోలేదా డాక్టర్?" అంది.

"బాగుందని నేననను. మందుకి లొంగట్లేదు అనడానికి మాత్రం ఇప్పుడు ఆధారం లేదు. నీళ్ళు లాగుదాం, నాలుగు రోజులు చూద్దాం." తర్వాత ఆమె వైపు తిరిగింది. "ఈ అంకె ఆ కొట్టు కాగితాలన్నిటి మీదా ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడు నెలలు."

"అది చూసుకుని తినే గుండెజబ్బు మనిషి మీ బావ ఒక్కడే అనుకుంటున్నారా?"

అనుకోలేదు. అసలు ఆ మాటే తట్టలేదు, ఈ గంటసేపట్లో ఒక్కసారి కూడా, అక్క, బావ, తను, ఉద్యోగం, ఇంతే తిరిగింది బుర్ర. ఎంతమంది అక్కలు ఎంతమంది భర్తల ముందు ఆ కాగితం విప్పి, ఫర్వాలేదు, ఎనిమిది వందలే అని చెప్పి ఉంటారు? "రాసివ్వగలరా, సంతకంతో?" అంది డాక్టరమ్మ. సోమవారం దాకా నోరు మెదపకు అన్న మాట చెవిలో ఒకసారి మోగింది. అట్ట తీసుకుని గోడకి ఆనించి అక్కడే నిలబడి రాసింది, పదిహేను వాక్యాలు, కింద పేరు, తేదీ. డాక్టరమ్మ ఆ కాగితాన్ని అట్ట నుంచి తీసి జేబులో పెట్టుకుని, ఇవాళే ఆహార తనిఖీవాళ్ళకి పంపిస్తాను అని వెళ్ళిపోయింది.

అక్క ఎడంచేత్తో ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగానే. అప్పుడొచ్చాయి అక్కకి కన్నీళ్ళు. "తప్పు చేశావు, సరే, మనిషన్నాక చేస్తాం. పొద్దుటినుంచీ తెలిసి కూడా నా పక్కనే కూర్చున్నావు కదే. నేను ఒక్కొక్క ముద్దా గుర్తుతెచ్చుకుంటూ చస్తుంటే, గంటసేపు నన్నెలా చూస్తూ కూర్చున్నావే?" అక్క జవాబు కోసం ఆగకుండా మొహం తుడుచుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె వెనకే వెళ్ళింది.

బావ మేలుకునే ఉన్నాడు. తలుపు పలచన, అంతా విన్నట్టున్నాడు. "రా మిల్లీగ్రామూ," అన్నాడు, రెండు మాటలకి ఒక ఊపిరి చొప్పున. "అక్క కొట్టిందా? చప్పుడు... ఇక్కడిదాకా వచ్చింది."

"బావా, నేను..."

"మొదటి రోజే... ఉప్పగా అనిపించింది నాకు."

ఆమె ఆగిపోయింది. "మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? కొలిచింది నువ్వు." ఊపిరి కోసం ఆగాడు. "మందులకి నోరు పాడైందనుకున్నా. నా నాలుకదే... తేడా అనుకున్నా. నీ అంకెని అనుమానించడం... నాకు తట్టలేదే." నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఉన్న సంగతి చెప్తున్నట్టే చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇనపమంచం కాళ్ళ వైపు కడ్డీని పట్టుకుని నిలబడిపోయింది ఆమె.

నర్సు వచ్చి దుప్పటి తొలగించింది. ముడుకు కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలితే గుంట పడుతుందట, అది పూడడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రోజూ రాసుకోవాలట, ఎంత త్వరగా పూడితే నీరు అంత తగ్గినట్టట. నర్సు వంగబోతుంటే బావ చెయ్యెత్తాడు. "మీరు కాదు సిస్టర్. మా మరదల్ని కొలవనివ్వండి."

"ఇంకా దాన్నే నమ్ముతారా?" అంది అక్క, మొహం కిటికీ వైపు పెట్టుకునే.

"కొలవడం... వచ్చిన మనిషి ఇంట్లో అదొక్కతే కదే."

నర్సు గడియారం విప్పి ఆమె చేతికిచ్చింది. ఆమె వంగి బొటనవేలు పెట్టి నొక్కింది, చర్మం చల్లగా, బిగుతుగా ఉంది, వేలు నెమ్మదిగా లోపలికి దిగింది. తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, ఆమె వేలి ఆకారంలో, గోరు అంచు కూడా కనిపిస్తూ. సెకన్ల ముల్లు తిరుగుతోంది. పది. ఇరవై. అక్క కిటికీ వైపు నుంచి తిరిగి చూస్తోంది, కళ్ళల్లో అంత ఆశ. ముప్పై. ఎప్పుడు పూడుతుందిరా దేవుడా. ముప్పై ఐదు.

"ఎంతే?" అంది అక్క.

ఇరవై అందామని నోటిదాకా వచ్చింది. ఇరవై అంటే అక్క ఇవాళ నాలుగు మెతుకులు తింటుంది, బావ కళ్ళు మూసుకుని నిద్రపోతాడు, గడియారం ఆమె చేతిలోనే ఉంది, ముల్లు ఇంకెవరికీ కనిపించడం లేదు. గుంట పూర్తిగా సమమయ్యేదాకా ఆగింది.

"నలభై రెండు, అక్కా," అంది.

బావ కళ్ళు మూసుకున్నాడు. "రాసుకోండి సిస్టర్," అన్నాడు. "నలభై రెండు."